కాంతి శ్రావణము, మలేరియా క్రిమి: కొలిచినదేమి? తెలిసినదేమి?

జ్వరముతో మాచారెడ్డి వంటి మండల కేంద్రములోని ఆరోగ్య కేంద్రమునకు వచ్చిన వాని వేలికొనను గుచ్చి, ఒక బొట్టు నెత్తురును గాజు పలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, రంగు పట్టించి సూక్ష్మదర్శిని క్రింద ఉంచుదురు. మలేరియా సోకియున్నచో కొన్ని ఎర్ర రక్తకణముల లోపల సన్నని నీలి ఉంగరము, దాని అంచున ఎర్రని చుక్క, రాయి పొదిగిన ఉంగరము వలె కనిపించును. రోగ నిర్ణయమునకు ఇది చాలును. కాని ఆ పలకపైనున్న కణములన్నియు చచ్చినవి. క్రిమి లోపల ఉన్నదని మాత్రమే అవి చెప్పగలవు. ఎట్లు లోపలికి పోయినదో చెప్పజాలవు. దొంగ ఇంటిలో దొరికినాడు గాని కన్నము ఎక్కడ వేసినాడో, ఎంత సేపు పట్టినదో తెలియలేదు.

ఈ కన్నము జాడ తీయుటకు లేజరు కాంతిని వాడు పద్ధతులు కొన్ని ఈ శతాబ్దములో వచ్చినవి. వానిని గూర్చి జనరంజకముగా వ్రాయువారు తరచుగా రెండు మాటలు వ్రాయుదురు: లేజరుతో మలేరియా క్రిమిని పట్టినారనియు, అది రక్తకణమును అంటుకొను బలమును కొలిచినారు గనుక ఇక దానిని విడదీయుటయే తరువాయి యనియు. మొదటి మాట నిజము. రెండవదానిలో నిజము కొంత, తొందర కొంత. ఈ రెంటికిని మూలమైనది 2014లో బయోఫిజికల్ జర్నల్ అను పత్రికలో అలెక్స్ క్రిక్, వర్జీలియో లూ, పియెత్రో చికూటా, జూలియన్ రేనర్ మొదలైనవారు ప్రకటించిన పరిశోధన. ఇది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోని భౌతిక శాస్త్రజ్ఞులును, సమీపమున హింక్స్‌టన్‌లోనున్న సాంగర్ సంస్థలోని పరాన్నజీవి శాస్త్రజ్ఞులును కలిసి చేసిన పని. దీని విలువ కట్టుటకు ముందు కొలబద్ద యొకటి కావలెను.

ఆ కొలబద్దకై దూరము పోనక్కరలేదు. కామారెడ్డిలో రైలెక్కినవాడు దిగు సికిందరాబాదులోనే అది ఉన్నది. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణములను చూచెను. ఆ దోమ హుస్సేన్ ఖాన్ అను మలేరియా రోగి నెత్తురు త్రాగి నాలుగు దినములైనది. పాఠ్యపుస్తకములలో ఇది ఒక్కనాటి అదృష్టము వలె చెప్పబడుచుండును. అట్లు చెప్పుటలో రాస్ పనిలోని అసలు బలము జారిపోవుచున్నది. అంతకుముందు రెండేండ్లుగా ఆయన ఇతర జాతుల దోమలను కోసి కోసి, ఏమియు కానక విసిగియుండెను. ఆ వృథా కోతలే తరువాత సాక్ష్యములైనవి. మలేరియా నెత్తురు త్రాగిన ఇతర దోమలలో లేనిది ఈ చుక్కల రెక్కల దోమలో ఉన్నది. మరునాడు మిగిలిన దోమను కోయగా ఆ కణములు మరికొంత పెద్దవై కనిపించెను. దోమ కడుపులోని మామూలు కణములు ఒక్క రోజులో అట్లు పెరుగవు గదా!

అంతకంటె గమనింపదగినది ఆయన వ్యాసమునకు పెట్టిన పేరు. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చైన ఆ వ్యాసము, మలేరియా నెత్తురు త్రాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని విచిత్రమైన రంగు కణములను గూర్చినదని మాత్రమే తన పేరులో చెప్పుకొనెను. రెండు దోమలు, కొన్ని కణములు! దోమ మలేరియాను ఒకరినుండి మరొకరికి చేర్చునను సంగతి ఆ నాటికి రుజువు కాలేదు. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాపై రాస్ దానిని రుజువు చేసెను. మనుష్యుల విషయమున 1898 చివరలో ఇటలీలో గ్రాస్సీ, బిన్యామీ, బాస్టియనెల్లి రుజువు చేసిరి. కనుక సికిందరాబాదు మనకిచ్చు కొలబద్ద ఇది: చూచినది చిన్నదైనను ఫరవాలేదు, నమూనాలు రెండే అయినను ఫరవాలేదు. దానిని దేనితో పోల్చి చూచినారు? చూచిన దానికంటె ఎక్కువ చెప్పినారా?

ఇప్పుడు క్రిమి చేయు పని. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణములో పెరిగి, విభజన చెంది, కణమును పగులగొట్టి మీరోజాయిట్లు అను పిల్ల క్రిములుగా వెలువడును. ఫాల్సిపారమ్ జాతిలో సుమారు 48 గంటలకొకసారి ఇట్లు జరుగును; ఒక్క కణము నుండి సాధారణముగా 16 మొదలు 32 వరకు వెలువడును. మీరోజాయిటు పొడవు సుమారు ఒకటిన్నర మైక్రాను. ఎర్రకణపు అడ్డుకొలత ఏడెనిమిది మైక్రానులు. బయటపడిన మీరోజాయిటుకు ఆయుష్షు నిమిషములలోనే. ఆ లోపల మరొక కణమును దొరకపుచ్చుకొనవలెను. తెల్ల రక్తకణములలో కొన్ని సూక్ష్మజీవులను మ్రింగును గాని ఎర్రకణము దేనిని మ్రింగదు. కనుక జొరబడు పని యంతయు క్రిమిదే. మొదట అది ఏదో ఒక ప్రక్క తాకి అంటుకొనును. కణపు పొర వంగి, అల వలె లేచి పడును. క్రిమి దొర్లి తన మొనను పొరకు ఎదురుగా తెచ్చుకొనును. అక్కడ విడదీయరాని గట్టి అతుకు ఒక వలయముగా ఏర్పడును. ఆ వలయము గుండా, తనలోని ఆక్టిన్, మయోసిన్ అను ప్రోటీనుల సాయముతో, క్రిమి లోపలికి దూరును. పొర దాని వెనుక మూసికొనును. తాకుట మొదలు దూరుట వరకు ఒక్క నిమిషము.

ఈ క్రమము కనుగొన్న గౌరవమును లేజరుకు కట్టబెట్టుట తగదు. అమెరికాలో డ్వోరాక్, మిల్లర్ మొదలైనవారు 1975లోనే నోలెసీ అను కోతి మలేరియా క్రిమి ఎర్రకణములో జొరబడుటను మామూలు సూక్ష్మదర్శినితో చలనచిత్రముగా తీసిరి. ఫాల్సిపారమ్ జొరబడుటలోని దశలను, ఒక్కొక్కదానికి పట్టు సెకనులను 2009లో ఆస్ట్రేలియాకు చెందిన గిల్సన్, క్రాబ్ వివరించిరి. ఆ పనికి కావలసినది మంచి సూక్ష్మదర్శిని, వేగముగా చిత్రములు తీయు కెమేరా, గంటల తరబడి కనిపెట్టుకొని యుండు ఓపిక. ఇబ్బంది అంతయు ఆ కనిపెట్టుకొని యుండుటలోనే ఉన్నది. ఏ కణము ఎప్పుడు పగులునో, బయటపడిన క్రిమి ఏ కణమును తాకునో పరిశోధకుని చేతిలో లేదు. జరిగినదానిని చూడవచ్చును గాని, జరిగించి చూడరాదు. కాంతి శ్రావణము మార్చినది సరిగా ఈ సంగతినే.

కంసాలి శ్రావణముతో వెండి పొడిలోని రవ్వను ఎత్తినట్లు కాంతితో కణమును పట్టుట ఎట్లు? కాంతికి బరువు లేకున్నను ద్రవ్యవేగము కలదు. కాంతి ఒక వస్తువు గుండా పోవుచు వంగినచో ఆ ద్రవ్యవేగపు దిశ మారును. న్యూటను మూడవ నియమము ననుసరించి వస్తువుపై ఎదురు బలము పడును. లేజరు కిరణమును బలమైన కటకముతో ఒక్క బిందువునకు చేర్చినచో, నీటికంటె కొంచెము ఎక్కువ వక్రీభవన గుణకము గల కణము ఆ బిందువు వైపునకే లాగబడును. కిరణమును జరిపినచో కణము వెంట వచ్చును. విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును: వంద మిల్లీవాట్ల కాంతి పూర్తిగా పీల్చబడినచో, సామర్థ్యమును కాంతివేగముచే భాగించగా, బలము సుమారు 333 పికోన్యూటన్లు. పికోన్యూటను అనగా న్యూటనులో లక్షకోటివ వంతు. ఎర్రకణపు బరువే సుమారు ఒక పికోన్యూటను. జీవకణము కాంతిని చాలమట్టుకు దాటనిచ్చును గనుక పట్టునకు దక్కునది ఆ 333లో కొద్ది భాగమే.

ఈ ఉపాయము కనిపెట్టినవాడు అమెరికాలో బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆర్థర్ ఆష్కిన్. 1970లో పూసలను కాంతితో నెట్టెను. 1986లో ఒక్క కిరణముతోనే పట్టి నిలిపెను. 1987లో బాక్టీరియాలను పట్టెను. 2018లో, 96వ ఏట, ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఈ కథలో జనరంజక రచనలు వదలివేయు భాగ మొకటి కలదు. మొదట ఆకుపచ్చ లేజరుతో పట్టిన బాక్టీరియాలు కిరణపు తాకిడికి చచ్చెను. పరారుణ కాంతికి మారిన పిదపనే కణములు బ్రతికియుండి, పట్టులోనే విభజన కూడ చెందెను. పట్టినది బ్రతికియున్నదా అను ప్రశ్న ఈ పనిముట్టుకు పుట్టుకతో వచ్చినది.

కేంబ్రిడ్జి ప్రయోగమునందు అన్నిటికంటె మెచ్చదగినది ఈ ప్రశ్నను మొదటనే అడుగుట. అప్పుడే పగిలిన కణమునుండి వెలువడిన మీరోజాయిటును కాంతితో పట్టి, ఒక కొత్త ఎర్రకణము దరికి చేర్చి వదలిరి. అది ఆ కణములో జొరబడెను. కిరణము దానిని చంపలేదనుటకు ఇంతకంటె సూటియైన రుజువు లేదు. చచ్చినది జొరబడలేదు గదా. ఇది రాస్ మరునాటి దోమ వంటి సాక్ష్యము. ఇట్టి పరీక్ష చేయకుండ కేవలము బలములను కొలిచియున్నచో ఆ సంఖ్యలకు విలువ ఏమియు ఉండెడిది కాదు.

తరువాత బలమును కొలిచినారు. ఈ కొలత తీరును చదువరులు జాగ్రత్తగా గమనింపవలెను, ఏలయన జనరంజక రచనలలో ఇది పూర్తిగా మరుగున పడుచున్నది. మీరోజాయిటును నేరుగా పట్టి ఎర్రకణమునుండి పీకలేదు. అది చాల చిన్నది. కాంతి దానిపై చూపగల బలము అందుకు చాలదు. కనుక ఒకే మీరోజాయిటు రెండు ఎర్రకణములకు అంటుకొని నడుమ నుండునట్లు చేసి, కాంతితో కణమును ప్రక్కకు లాగిరి. ఎర్రకణము రబ్బరు వలె సాగును. అతుకు ఊడు క్షణమునకు కణము ఎంత సాగినదో చూచి, దానినుండి బలమును లెక్క కట్టిరి. అనగా ఇక్కడ స్ప్రింగు త్రాసు పని చేసినది ఎర్రకణమే. వచ్చిన సంఖ్య సుమారు 40 పికోన్యూటన్లు.

ఇది తెలివైన ఏర్పాటు. కాని త్రాసు ఎట్టిదో అడుగక తప్పదు. ఇనుప స్ప్రింగు నేడు రేపు ఒక్క తీరుగనే సాగును. ఎర్రకణములు అట్లు కావు. వయసు మీరిన కణము కొత్త కణముకంటె బిరుసుగా ఉండును. ఒక మనిషి కణములకును మరొకరి కణములకును కూడ తేడా ఉండును. పైగా క్రిమి అంటుకొన్నప్పుడు పొర వంగి లేచునని పైన చెప్పబడినది. అట్టి సమయమున స్ప్రింగు బిగువు మారకుండునా? 40 అను సంఖ్యకు ముందున్న "సుమారు" అను మాటలో ఇదంతయు ఇమిడియున్నది. పత్రికలు సంఖ్యను ఉంచుకొని ఆ మాటను తీసివేయుచున్నవి.

ఇక 40 పికోన్యూటన్లు ఎక్కువా, తక్కువా? నలుబది ఎర్రకణముల బరువంత అన్నచో నవ్వులాటగా తోచును. అతుకు అంత బలహీనమైనదా, అయితే మందుతో ఊడగొట్టవచ్చునే అని వ్రాసినవారును కలరు. దీనిని ఇంటర్మీడియటు విద్యార్థి స్టోక్స్ సూత్రముతోనే పరీక్షింపవచ్చును. మీరోజాయిటును 0.75 మైక్రాను వ్యాసార్ధము గల గోళముగా తలచి, నీటి స్నిగ్ధత 0.001 గా తీసికొని, ద్రవము దాని ప్రక్కనుండి సెకనుకు ఒక మిల్లీమీటరు వేగముతో పోవుచున్నదనుకొనినచో, దానిపై పడు ఈడ్పు సుమారు 14 పికోన్యూటన్లు. కేశనాళికలలో నెత్తురు వేగము సెకనుకు మిల్లీమీటరుకు మించదు. అందులోను ఎర్రకణము కూడ ప్రవాహముతోనే పోవుచుండును గనుక క్రిమిని కణమునుండి లాగునది వేగముల తేడా మాత్రమే. కావున 40 పికోన్యూటన్ల అతుకు చిన్న నాళములలో క్రిమిని నిలిపి ఉంచుటకు చాలును. బలహీనమనుటకు వీలు లేదు. ఇది ముతక లెక్కయే. నెత్తురు నీరు కాదు, క్రిమి గోళము కాదు. అయినను సంఖ్యను ఒంటరిగా వదలి "ఇంతే" అనుటకంటె మేలు. పలకపై నిశ్చల ద్రవములో కొలిచిన దానిని పారు నెత్తురుకు అన్వయించునపుడు ఇట్టి పోలిక నొకదానిని చూపుట వ్రాయువాని బాధ్యత.

అసలు విమర్శ ఇంకను ఉన్నది. దానికి ఆధారము ఆ పరిశోధనలోనే కలదు. జొరబడు శక్తి ఉడిగిన మీరోజాయిట్లు కూడ ఎర్రకణములకు అంటుకొనుటను, పొరను వంగునట్లు చేయుటను ఆ పరిశోధకులే గమనించి వ్రాసిరి. ఇది ఆ వ్యాసములోకెల్ల విలువైన వాక్యము; సంఖ్యకంటె విలువైనది. అంటుకొనుట వేరు, జొరబడుట వేరు అని ఇది తేల్చుచున్నది. తలుపు కొట్టిన వాడెల్ల లోపలికి రాలేదు. రోగము వచ్చునది రెండవదానివలన. కాంతి శ్రావణము కొలిచినది మొదటిదానిని. 2011లో సాంగర్ సంస్థవారే మరొక సంగతి కనుగొనిరి: ఫాల్సిపారమ్ క్రిమియొక్క ఆర్‌హెచ్5 అను ప్రోటీను ఎర్రకణముపైనున్న బాసిజిన్ అను ప్రోటీనును పట్టుకొననిదే ప్రవేశము జరుగదు. ఆర్‌హెచ్5ను గురిగా చేసికొని టీకాల ప్రయత్నములు సాగుచున్నవి. ఈ పట్టు మొదటి తాకిడి తరువాతి మెట్టు. మొదటి అతుకు బలమును కొలిచి టీకా దగ్గరపడినదని వ్రాయుట రెండు మెట్లను ఒకటిగా చేయుట.

మెట్లను కలిపివేయు ఈ అలవాటు హైదరాబాదు విషయమునను కనిపించును. 2021 జనవరిలో భారత్ బయోటెక్ సంస్థ ఆర్‌టిఎస్,ఎస్ అను మలేరియా టీకా తయారీ పరిజ్ఞానమును జి.ఎస్.కె. సంస్థనుండి పొందుటకు ఒప్పందము చేసికొనెను. అది మన నగరమునకు గౌరవమే. కాని ఆ టీకా దోమ కాటుతో చర్మములోనికి వచ్చు స్పోరోజాయిటు అను రూపముపై పనిచేయును. అది కాలేయమును చేరి అచ్చటి కణములలో జొరబడకుండ ఆపుట దాని ఉద్దేశము. ఎర్రకణములో జొరబడు మీరోజాయిటుతో దానికి పని లేదు. తరగతిలో ఈ రెండు ప్రవేశములను రెండు వేరు బొమ్మలుగా గీయుట మంచిది.

స్పోరోజాయిట్ల విషయమున లేజరు నిజముగా క్రొత్త సంగతి తెచ్చినది. 2006లో పారిసులోని పాశ్చర్ సంస్థయందు అమీనో, మెనార్ మొదలైనవారు, ఆకుపచ్చగా మెరయు ప్రోటీను గల ఎలుక మలేరియా క్రిములను దోమచేత కుట్టించి, బ్రతికియున్న ఎలుక చర్మములో వాని నడకను లేజరు సూక్ష్మదర్శినితో వెంబడించిరి. క్రిములన్నియు నెత్తురులోనికే పోవునని అంతవరకు తలచుచుండిరి. కొన్ని శోషరస నాళములలో ప్రవేశించి శోషరస గ్రంథులను చేరుట కనిపించెను. చచ్చిన పలకపై ఇది ఎన్నటికిని తెలిసెడిది కాదు. అదే విధముగా, క్రిమి జొరబడిన తరువాత దాని చుట్టును ఏర్పడు సంచి పొర క్రిమిదా, రక్తకణముదా అను వివాదము ఏండ్ల తరబడి ఉండెను. 2021లో మెల్‌బోర్న్‌లో గేగన్, రోజర్స్, కౌమన్ మొదలైనవారు సన్నని కాంతి పలకలతో, కణమునకు హాని తక్కువగా నుండునట్లు, జొరబడుటను నాలుగు పరిమాణములలో చిత్రించి, ఆ సంచి చాలమట్టుకు రక్తకణపు పొరతోనే ఏర్పడునని చూపిరి. రెండు ఊహలు ఎదురెదురుగా ఉన్నవి, ఏది నిజమైనచో ఏమి కనిపించవలెనో ముందే తెలియును, చూచి తేల్చినారు. కేంబ్రిడ్జి కొలతకంటె ఈ పని మెచ్చుకోలునకు ఎక్కువ తగినది. కాని సంఖ్య లేకపోవుటచేత కాబోలు, దీనిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఇట్టి చిత్రములలోని రంగులు క్రిమి రంగులు కావని విద్యార్థులకు చెప్పవలెను. మీరోజాయిటుకు పచ్చదనము లేదు, రక్తకణపు పొర ఊదాగా ఉండదు. అవి మెరయు రంగు అణువులను అంటించుటవలన గాని, జన్యువును చేర్చుటవలన గాని కలిగినవి. లేజరు వాడినంతమాత్రమున మామూలు సూక్ష్మదర్శినికంటె చిన్నది కనిపించునను భ్రమ కూడ వ్యాపించియున్నది. కాంతి తరంగముల హద్దు, సుమారు మైక్రానులో అయిదవ వంతు, లేజరుకును ఉన్నదే. దానిని దాటుటకు వేరు ఉపాయములు కావలెను.

వేడిమి సంగతి మరికొంత చెప్పదగినది. పరారుణ కాంతి మేలైనదే గాని, మలేరియా సోకి ముదిరిన ఎర్రకణములో ఒక నల్లని పదార్థము పేరుకొనియుండును. హీమోగ్లోబినును తిన్న క్రిమి మిగిల్చిన హీమోజోయిను స్ఫటికములవి. లావెరాన్ 1880లో అల్జీరియాలో రోగి నెత్తురులో చూచినదియు, రాస్ బేగంపేటలో దోమ కడుపులో గుర్తుపట్టినదియు ఆ నలుపునే. ఈ స్ఫటికములు కాంతిని గట్టిగా పీల్చి వేడెక్కును. మీరోజాయిటు వెలువడునపుడు ఆ నలుపును పాత కణపు శిథిలములోనే విడిచి వచ్చును గనుక కేంబ్రిడ్జి ప్రయోగమునకు ఈ చిక్కు అంతగా లేదు. సోకిన కణమునే లేజరులో పట్టు ప్రయోగములకు కలదు. ముంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయందు 2004లోనే సోకిన ఎర్రకణములను కాంతి పట్టులో ఉంచి అవి తిరుగు తీరును పరిశీలించిరి. మన దేశములో ఈ త్రోవ త్రొక్కిన తొలి ప్రయత్నములలో అది యొకటి. అట్టి పనిని చదువునపుడు కణము వేడెక్కుటను ఎట్లు కనిపెట్టినారని అడుగవలెను. ఇదే దోషము మరొకచోట గుణమైనది: 2014లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమువారు లేజరు స్పందనముతో హీమోజోయినును వేడిచేసి, దాని చుట్టు పుట్టి పగులు ఆవిరి బుడగల చప్పుడును చర్మము పైనుండియే విని, సూది గుచ్చకుండ మలేరియాను గుర్తింపవచ్చునని ప్రకటించిరి.

చివరకు మిగిలినది క్రిమి జాతి. పైన చెప్పిన రక్తకణ ప్రయోగములు చాలవరకు ఫాల్సిపారముపై జరిగినవి. అందుకు కారణము రోగతీవ్రత మాత్రమే కాదు. 1976లో ట్రేగర్, జెన్సెన్ ఫాల్సిపారమును గాజుపాత్రలో ఎడతెగకుండ పెంచు ఉపాయము కనుగొనిరి. కోతి క్రిమియైన నోలెసీని 2013లో మనుష్య రక్తములో పెంచగలిగిరి. వైవాక్స్ జాతిని మాత్రము ఇంతవరకు అట్లు పెంచుట సాధ్యము కాలేదు. అది సాధారణముగా రెటిక్యులోసైట్లు అను పక్వము కాని ఎర్రకణములలోనే జొరబడును. నెత్తురులో అవి నూటికి ఒకటి మాత్రముగా ఉండును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోను, హైదరాబాదు విశ్వవిద్యాలయములోను మలేరియా క్రిమిపై జరుగు పనియు ఎక్కువగా పెంచుటకు వీలైన జాతులతోనే సాగక తప్పదు. భద్రాచలము, ములుగు అడవులలోను, అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యములోను ఈ రెండు జాతులును ఉన్నవి. పలకపై వైవాక్స్ తేలిన రోగికి క్లోరోక్విను మూడు దినములతో సరిపోదు, ప్రైమాక్విను పదునాలుగు దినములు ఇత్తురు. క్రిమి కాలేయములో నిద్రించి నెలల తరువాత మరల లేచునని దాని భావము. ఈ నిద్రించు రూపములను చూచుటకు 2017లో లేజరును శ్రావణముగా గాక కత్తిగా వాడిరి. కోతులకు వచ్చు సైనోమోల్గీ అను బంధుజాతి క్రిములున్న కాలేయ కణములను లేజరుతో ఒక్కొక్కటిగా కోసి తీసి, నిద్రించు క్రిమిలో ఏ జన్యువులు పనిచేయుచున్నవో చదివిరి. అదియు కోతి క్రిమియే. నలుబది పికోన్యూటన్లు ఫాల్సిపారమునకు చెందిన సంఖ్య. వేరొక కణమును, వేరొక ప్రోటీనును ఎంచుకొను వైవాక్స్ పాఠములో దానిని వ్రాయుటకు ఆధారము లేదు.